పెద్దసారు మీద అర్జీ

చెన్నబసప్పకు కాగితమంటే భయం. సర్కారు ఆఫీసు గేటు పక్కన రేకుల నీడలో బల్ల వేసుకుని, ఇరవై నాలుగేళ్లుగా ఊరందరి అర్జీలు రాసిపెట్టే మనిషికి కాగితమంటే భయమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించి ఒకసారి అడిగాను. "లోపలికి పోయిన కాగితం ఏం జేస్తదో నీకు తెల్వది రేఖమ్మా. నాకు తెలుసు" అన్నాడు.

నా జిరాక్సు దుకాణం ఆయన బల్లకు నాలుగడుగుల దూరంలో ఉంటుంది. పదకొండేళ్లుగా చూస్తున్నాను కాబట్టి ఆయన భయాలన్నీ నాకు కంఠతా వచ్చు. కుక్కలంటే భయం. సూది అంటే భయం. పోలీసు జీపు హైవే మీద పోతున్న చప్పుడు వినబడినా బల్ల కింద కాళ్లు ముడుచుకుంటాడు. కొత్త అధికారి వచ్చాడంటే నెల రోజుల పాటు టీకి కూడా లేవడు, లేచినప్పుడే ఆయన బయటికి వస్తే ఏమనుకుంటాడోనని. "మా ఆయన తర్వాత గింత పిరికి మనిషిని నిన్నే చూసిన బసప్పన్నా" అంటే నవ్వేవాడు తప్ప కాదనేవాడు కాదు.

ఆయనది న్యాల్‌కల్ అవతల, చేను గట్టు దాటితే కర్ణాటక వచ్చే ఊరు. ఏడో తరగతి దాకా కన్నడంలో చదివి తర్వాత తెలుగులోకి మారాడు. అందుకేనేమో ఆయన అక్షరాలు మరీ గుండ్రంగా, తలకట్లు కొంచెం పొడుగ్గా ఉంటాయి. ఆఫీసులో ఎవరైనా దూరం నుంచి చూసి ఇది బసప్ప దస్తూరి అని చెప్పేస్తారు. ఇప్పుడన్నీ ఆన్‌లైన్ అయిపోయి గిరాకీ తగ్గింది కానీ, సోమవారం అర్జీల దినం నాడు మాత్రం ఆయన బల్ల ముందు ఇప్పటికీ వరుస కడతారు. ఆ బల్ల, ఆ గేటు పక్కన ఆ చోటు, అవే ఆయన బతుకు. ఎవరైనా అధికారి ఒక్క మాట అంటే ఆ చోటు పోతుంది, ఎందుకంటే అక్కడ కూర్చోమని ఆయనకు ఎవరూ రాసివ్వలేదు.

ఇంత పిరికి మనిషికి ఒక్కచోట మాత్రం భయం ఉండేది కాదు. అది ఫుట్‌బాల్.

మూడేళ్ల కిందట ప్రపంచ కప్పు నడిచే రోజుల్లో పవన్ తన మొబైల్ దుకాణంలో పెద్ద టీవీ పెట్టాడు. బసప్ప ఫోన్‌కు రీచార్జి చేయించుకోవడానికి పోయి మూడు గంటలు అక్కడే ఉండిపోయాడు. అట్లా మొదలైంది. కప్పు అయిపోయాక మేమంతా కలిసి ఇంగ్లండులోని ఒక క్లబ్బును పట్టుకున్నాం. దాని పేరు రాయను. ఈ సంవత్సరం ఆ పేరు ఎత్తితే చాలు ఓడిపోతున్నది. మేమంతా అంటే పెద్ద గుంపేమీ కాదు. పవన్, విత్తనాల దుకాణం నాగరాజ్, బసప్ప, నేను. ఆడమనిషినని మొదట్లో నన్ను కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టారు. రెండు వారాల్లో నా నోరు తెలిసి మర్యాదలు మానేశారు.

ఆటగాళ్ల పేర్లకు బసప్ప నోరు తిరగదు. అందరినీ "మన పిల్లలు" అంటాడు. మ్యాచ్‌ను పరీక్ష అంటాడు. ఇక జట్టును నడిపించే మేనేజర్ నెరిసిన జుట్టుతో, నల్ల కోటుతో, చేతులు కట్టుకుని నిలబడి ఉంటే బడిలో హెడ్మాస్టరే కనబడ్డాడు ఆయనకు. మా వైపు హెడ్మాస్టరును పెద్దసారు అంటాం. అందుకని ఆ మేనేజర్ కూడా పెద్దసారు అయిపోయాడు. తిట్టేటప్పుడు కూడా పెద్దసారే.

పోయిన నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం మావాళ్లు వరుసగా ఏడోసారి ఓడిపోయారు. పవన్ టీవీ నోరు మూసి మా నోళ్లు తెరిచాడు. పెద్దసారు ఉండాలా, పోవాలా అని మొదలైంది.

"పోవాలె. పదిహేను నెలలాయె వచ్చి. ఏం జేసిండు?" అన్నాడు బసప్ప. ఆ గొంతు వింటే గేటు దగ్గర చూసే మనిషేనా అనిపిస్తుంది. "ఆటొచ్చే పిల్లల్ని ఆడనియ్యక తీస్కపోయి బల్ల మీద కూసోవెడతడు. రానోళ్లను ముంగటికి తోస్తడు. అడిగితే పిల్లలదే తప్పంటడు."

"పదిహేను నెలల్ల ఏమైతది అన్నా? కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లకు వంటింట్ల డబ్బాలు దొరకనీకే ఏడాది పడతది" అన్నాను నేను. నేను ఉండాలన్న పక్షం. నాకు ఆ మనిషి మీద జాలి. ఓడిన ప్రతిసారి కెమెరా ఆయన ముఖం మీదే పెడతారు.

నాగరాజ్ ఎప్పటిలాగే ఇటు కొంచెం, అటు కొంచెం మాట్లాడాడు. పవన్ ఆయనను గోడ మీద కూర్చున్నది చాలు దిగమన్నాడు. రెండు గంటలు గడిచాయి. గొంతు బొంగురుపోయింది నాకు. చివరికి ఓపిక నశించి, "గింత కోపముంటే అర్జీ పెట్టు బసప్పన్నా. నీ పనే గద. ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండ రాయి, అప్పుడు ఒప్పుకుంట" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఎవరి మీదికీ తోసెయ్యను.

తెల్లకాగితం కూడా నా సంచిలోదే. బసప్ప అట్ట ఒళ్లో పెట్టుకుని పది నిమిషాల్లో రాసి గట్టిగా చదివాడు.

"గౌరవనీయులైన పెద్దలకు నమస్కరించి వ్రాసుకొను అర్జీ. మా పెద్దసారు వచ్చి పదిహేను మాసములు గడిచినవి. నాటి నుండి మా పిల్లలు వరుసగా ఏడు పరీక్షలలో తప్పినారు. చేతనైన పిల్లలను బల్ల మీద కూర్చోబెట్టి, చేతకాని వారిని ముందుకు తోయుచున్నారు. ఇదేమని అడిగిన వారికి జవాబు లేదు. తప్పిన ప్రతిసారి నేరము పిల్లల మీదనే వేయుచున్నారు. కావున తమరు దయతలచి ఆయనను వెంటనే తొలగించి మా పరువు కాపాడగలరని ప్రార్థన."

కింద "ఇట్లు, గ్రామస్థులు" అని ఉంది. ఏ గ్రామమయ్యా అని పడి పడి నవ్వాం. చెయ్యి అలవాటు మీద రాసేసిందన్నాడు. ఫుట్‌బాల్ అన్న మాట ఇంగ్లీషే కదా, అదీ లేదు. జట్టులో పదకొండు మంది ఉంటారని పవన్ పిచ్చి గీతలతో పదకొండు సంతకాలు గీకాడు. నేను మాత్రం పెట్టలేదు. తెల్లవారి జిరాక్సు తీసి అందరికీ పంచుదామని బసప్ప ఆ కాగితాన్ని అట్ట కింద క్లిప్పుకు పెట్టుకున్నాడు.

సోమవారం గేటు దగ్గర కాలు పెట్టే చోటు లేదు, జిరాక్సు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మొగుడంపల్లి దారిలో ఉన్న ఒక ఊరి నుంచి లక్ష్మమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, చదువు రాదు, బసప్పను బిడ్డా అని పిలుస్తుంది. మనుమరాలు దీక్షిత చదివే హైస్కూల్లో నీళ్ల ట్యాంకు పగిలిపోయిందట, పిల్లలు దూపకు తాళలేక పక్క చేన్లోకి నీళ్లకు పోతున్నారట. బాగు చేయించమని అర్జీ రాయించుకుంది. ఊళ్లో పదిమందిని బతిమాలి ఒక కాగితం మీద సంతకాలు కూడా పెట్టించుకుని తెచ్చింది. బసప్ప దాన్నీ అట్ట క్లిప్పుకే పెట్టుకుని అర్జీ రాశాడు. సంతకాల కాగితం అర్జీ వెనుక గుండుసూదితో జతచేయడం బసప్ప పద్ధతి. చేశాడు. లక్ష్మమ్మ లోపలికి పోయి ఇచ్చి, ముద్ర వేయించుకుని, బసప్పకు దండం పెట్టి బస్సెక్కింది.

గురువారం ఉదయం ఆఫీసు అటెండర్ టీ తాగుతూ బల్ల దగ్గర ఆగాడు. "బసప్పా, మస్తు ఘాటుగ రాసినవ్ పో. సార్ రెండుసార్లు చదివిండు" అన్నాడు.

"ఏది?" అన్నాడు బసప్ప.

"గదే, ఆ హైస్కూల్ పెద్దసారు మీద. ముంగట నీళ్ల ట్యాంకు, ఎనుక పెద్దసారు. ట్యాంకు సంగతి తర్వాత, ముందుగాల ఆ హెడ్మాస్టర్ సంగతి చూస్తమన్నరు. శనివారం ఎంక్వయిరీ."

అటెండర్ పోయాడు. బసప్ప అట్ట ఎత్తాడు. క్లిప్పుకు ఉన్న కాగితం తీశాడు. అది ఆదివారం రాసిన అర్జీ కాదు. దాని మీద లక్ష్మమ్మ తెచ్చిన సంతకాలున్నాయి, వేలిముద్రలున్నాయి.

ఆయన నన్ను చేత్తో పిలిచాడు. నేను ఆ కాగితం చూసి, ఆయన ముఖం చూసి, ఒక్క నిమిషంలో అంతా అర్థం చేసుకున్నాను. ఆదివారం నాటి ఒక్కొక్క వాక్యం గుర్తుకొచ్చింది. పదిహేను మాసాలు, ఏడు పరీక్షలు, బల్ల, గ్రామస్థులు. ఇంగ్లీషు ముక్క ఒక్కటన్నా ఉంటే అది ఆటని తెలిసేది. ఆ ముక్క లేకుండా చేసింది నేను.

"లోపలికి పోయి చెప్దాం పా అన్నా, ఇప్పుడే" అన్నాను.

"ఏమని చెప్త? సర్కారు ముద్ర పడ్డ కాగితం మీద పరాచికాలాడినమనా? నా బల్ల ఉంటదా? కేసైతది రేఖమ్మా. ఉద్యోగస్తుని మీద తప్పుడు అర్జీ." పెన్ను మూత పెట్టబోతే రెండుసార్లు జారింది. నేను ధైర్యంగా మాట్లాడుతున్నాననే గానీ, నాకూ భయంగానే ఉంది. కాగితం నా దుకాణానిది. పందెం నాది. నా దుకాణంలో నడిపే నెట్ సెంటర్ అనుమతి కూడా ఆ గేటు లోపలి వాళ్ల దయే.

మధ్యాహ్నం పవన్, నాగరాజ్ వచ్చారు. ఆదివారం నాటి హుషారు ఎక్కడా లేదు. పవన్ తన దుకాణంలో కట్టిన మా క్లబ్బు ఊదారంగు జెండా అప్పటికే పీకేసి వచ్చాడట. తలుపు దగ్గరగా వేసి గుసగుసగా మాట్లాడుకున్నాం.

"నువ్వేం ఫికర్ జెయ్యకు" అన్నాడు నాగరాజ్. జీవితంలో మొదటిసారి ఒక పక్షం తీసుకున్నాడు. "రాసుడు నీ పని. ఎవలేం జెప్తే అది రాస్తవ్. అడిగితే ఆ ముసలామె జెప్పింది, రాసిన అను. ఆమెకు చదువే రాదాయె."

ఆ మాట బసప్పకు అప్పటికే తట్టిందని ముఖం చూస్తే తెలిసింది. అది చూసి నాకు ఇంకా భయమేసింది. మంచివాడని పదకొండేళ్లుగా అనుకుంటున్న మనిషి భయంలో ఏం చేస్తాడో నాకు తెలియదని అప్పుడు తెలిసింది. నేను ఏం చేస్తానో కూడా తెలియదు.

శుక్రవారం లక్ష్మమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి దండం పెట్టలేదు. బల్ల ముందు నేల మీద కూలబడింది.

"ఏం రాసినవ్ బిడ్డా? ఊర్ల అందరు నా మీద పడ్డరు. పెద్దసారు మీద పితూరీ జెప్పినవంట గద ముసలిదానా అంటున్నరు. నేను నీళ్ల తొట్టి గురించి జెప్పిన గద. ఆ సారు మా దీక్షితను ముంగట బెంచీల కూసోవెట్టి అచ్చరాలు దిద్దిపిస్తున్నడు. ఆయన మీద నేనెందుకు జెప్త?"

నేను కల్పించుకుని, ఏదో పొరపాటయింది, రేపు సరిచేస్తాం అన్నాను. ఆమె నా మాట వినలేదు. బసప్ప మాట కోసమే చూసింది. చివరికి కొంగుతో ముఖం తుడుచుకుని లేచిపోయింది. ఆ రోజు బసప్ప అర్జీ ఒక్కటి కూడా రాయలేదు. వచ్చినవాళ్లకు జ్వరమని చెప్పాడు. నిజంగానే ఒళ్లు కాలుతున్నది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆయన నా దుకాణం ముందు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో లక్ష్మమ్మ తెచ్చిన సంతకాల కాగితం. "ఒక్కణ్ణి పోలేను. జర నీ స్కూటీ మీద తీస్కపోతవా?" అన్నాడు. ఏం చెప్పబోతున్నావని నేను అడగలేదు. అడిగితే వెనక్కి తిరుగుతాడని భయం. దారి పొడవునా ఆయన నా వెనుక సీటు కమ్మీని పట్టుకున్న పట్టు నాకు తెలుస్తూనే ఉంది. రెండుసార్లు బండి ఆపమన్నాడు, వాంతి వస్తున్నదని. రెండుసార్లూ రాలేదు.

బడి వరండాలో కుర్చీలు వేశారు. ఎంక్వయిరీకి వచ్చిన అధికారి మధ్యలో కూర్చున్నాడు. ఊరివాళ్లు ముప్పై మంది దాకా మెట్ల కింద నిలబడ్డారు. లక్ష్మమ్మ అందరికీ దూరంగా, పగిలిన ట్యాంకు పక్కన ఉంది. పెద్దసారు హరికృష్ణ ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆయనను అంతకుముందు నేను చూడలేదు. యాభై ఏళ్లుంటాయి, నెరిసిన జుట్టు, చేతులు కట్టుకున్నాడు. బసప్ప నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

అధికారి అర్జీ చదవడం మొదలుపెట్టాడు. ఆదివారం మమ్మల్ని పడి పడి నవ్వించిన మాటలే అవి. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. చదివి, "ఇందుల రాసింది నిజమేనా?" అని అడిగాడు.

మొదట అందరూ గమ్మున ఉన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. అబద్ధమని ఎవరో ఒకరు అంటారు, ఇంటికి పోవచ్చు అనుకున్నాను. అప్పుడు ముందు వరుసలో తెల్ల పంచె కట్టుకున్న ఆసామి ఒకడు గొంతు సవరించుకున్నాడు.

"పదిహేను నెలలైతే నిజమే గద. పోయినేడు ఆగస్టుల వచ్చిండు."

"పదోతరగతిల ఏడుగురు తప్పిన్రు. అదీ నిజమే" అన్నాడు ఇంకొకడు.

"మా పిలగానికి చదువొస్తదని ఎనుక బెంచీల ఏసిండు సార్. రానోళ్లను తెచ్చి ముంగట కూసోవెట్టిండు. అడిగితే, వచ్చినోనికి నేనెందుకు అంటడు. మరి మేమెందుకు తోలుతున్నం బడికి?"

అక్కణ్ణుంచి ఆగలేదు. ఉండాలా, పోవాలా. ఇంకో ఏడాది చూద్దామని ఒకరు, చూసింది చాలని నలుగురు. మేము పవన్ దుకాణంలో ఆడిన మాటలే మాట మార్చకుండా ఇక్కడ ఆడుతున్నారు. మేము రాసింది అబద్ధమని కదా ఇన్ని రోజులు భయపడ్డాం. అది నిజం కావడం మొదలుపెట్టింది, మా కళ్ల ముందే.

"పోవాలనేటోళ్లు చేతులెత్తున్రి" అన్నాడు అధికారి, గోల భరించలేక.

చేతులు లేచాయి. కొన్ని వెంటనే, కొన్ని పక్కవాణ్ణి చూసి. లెక్క తప్పకుండా పంతొమ్మిది. పెద్దసారు ఆ చేతుల వైపు ఒక్కొక్కటిగా చూశాడు.

నా మోచెయ్యి మీద పట్టు వదిలింది. బసప్ప మెట్ల దగ్గరికి నడిచాడు.

"సార్, ఆ అర్జీ నేను రాసిన" అన్నాడు.

"తెలుసు, నీ దస్తూరి అందరికి ఎరుకే. ఎవరు రాయిపించిన్రు?"

నాగరాజ్ చెప్పిన జవాబు ఆయన నోటి చివర ఉందని నాకు తెలుసు. ట్యాంకు పక్కన లక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నది. బసప్ప కవరులోంచి కాగితం తీశాడు.

"ఎవరు రాయిపియ్యలే సార్. అది ఈ సారు మీద కాదు. ఫుట్‌బాల్ ఆట మీద. ఇంగ్లండుల ఒక మేనేజర్ ఉన్నడు, ఆయనను మేము పెద్దసారు అంటం. నవ్వులాటకు రాసినం. లక్ష్మమ్మ సంతకాల కాగితం ఇది, దీని బదులు అది గుచ్చిన. తప్పు నాది. ఆమెకేం తెల్వది. నా బల్ల తీసెయ్యున్రి, కేసు పెట్టున్రి."

అధికారి ఆయనను చూశాడు. అర్జీ మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాడు. చదువుతూ చదువుతూ ఆయన మూతి వంకర పోయింది, భుజాలు కదిలాయి, చివరికి పగలబడి నవ్వాడు. "బల్ల మీద కూర్చోబెట్టి" అని గట్టిగా చదివి మళ్లీ నవ్వాడు. ఆయన నవ్వితే అందరూ నవ్వారు. తెల్ల పంచె ఆసామి కూడా నవ్వాడు. "ఇంకోసారి గిట్ల చేసినవనుకో, అప్పుడు చెప్త నీ పని" అని, అర్జీని అడ్డంగా చింపి జేబులో పెట్టుకున్నాడు. అంతే. బల్ల పోలేదు. కేసు కాలేదు. మూడు రోజులుగా బసప్పను తిన్న భయం అర నిమిషంలో తీరిపోయింది. ఆయన మెట్టు మీద కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నాకు ఏడుపు వచ్చింది, సంతోషంతోనే.

పెద్దసారు నవ్వలేదు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి అధికారికి ఇచ్చాడు.

"బదిలీ కోసం సార్. గురువారం రాసిన."

"ఇంకెందుకు హరికృష్ణగారూ? విన్నరు గద. ఆ అర్జీ మీ మీద కానేకాదు."

"అర్జీ నా మీద కాదు సార్. చేతులెత్తింది నా మీదనే గద."

నవ్వు ఆగిపోయింది. ఆయన మెట్ల కిందికి తిరిగాడు. గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టమనిపించింది. "మీరెవరన్న ఉండమంటే ఉంట" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. చేతులెత్తని వాళ్లు పదకొండు మంది ఉన్నారు, వాళ్లూ మాట్లాడలేదు. మాట్లాడితే పంతొమ్మిది మందికి ఎదురు నిలబడాలి, రేపు ఆ ఊళ్లోనే బతకాలి. లక్ష్మమ్మ వైపు చూశాను. నేను దగ్గరికి పోయి, చెప్పవేందమ్మా అన్నాను. "నేను మాట్లాడితే మళ్ల కాగితమైతది బిడ్డా" అంది, చిన్నగా.

మరి నేను? సముద్రాల అవతల ఉన్న మనిషి ఉండాలని రెండు గంటలు గొంతు చించుకున్నదాన్ని. డబ్బాల మాట, కాపురం మాట ఎన్ని చెప్పాను. నాకంటే మాటకారి అక్కడ ఎవరూ లేరు. ముప్పై జతల కళ్లు నా వైపు తిరుగుతాయని భయమేసింది. ఊరుకున్నాను. ఇప్పటికీ ఆ సిగ్గు పోలేదు.

"ఉండున్రి సార్." మెట్టు మీద నుంచి వినబడింది. బసప్ప లేచి నిలబడ్డాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు, అయినా కూర్చోలేదు. "మీరు పోవద్దు సార్. ఉండున్రి."

హరికృష్ణ సారు ఆయన దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "మీది ఈ ఊరు కాదు గద బసప్పగారూ" అన్నాడు.

అధికారి ఆ ఉత్తరం మడతలు విప్పి చదివాడు. తేదీ వెయ్యలేదేమని అడిగాడు. సారు ఇంకొక్కసారి మెట్ల కిందికి చూసి, పెన్ను తీసి ఆ రోజు తేదీ వేశాడు.